దూరం ఎక్కువ.. సమయం తక్కువ!

ఒకే ఊరికి రెండు దారులు. మొదటిది 13,900 కిలోమీటర్లు. రెండోది 15,300. ఏ దారిన వెళ్తే ముందు చేరతాం?

ఆరో తరగతి పిల్లాణ్ని అడిగినా మొదటిదే అంటాడు. కానీ 2016 అక్టోబరులో ఎయిరిండియా విమానం ఒకటి రెండో దారి పట్టింది. దిల్లీలో బయలుదేరి, ఎప్పట్లా పడమరకి కాకుండా తూర్పుకి తిరిగి, జపాన్ మీదుగా పసిఫిక్ మహాసముద్రాన్ని దాటి, పద్నాలుగున్నర గంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వాలింది. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి, మామూలుకన్నా దాదాపు రెండు గంటలు ముందే చేరిందన్నమాట!

మన పల్లెల్లో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేవాళ్లు తక్కువే. ‘బస్సులో రెండు గంటలు’, ‘నడిస్తే ఓ పూట’.. అంటారు. చదువుకున్నవాళ్లు దాన్ని నాటు లెక్క అనుకోవచ్చుగానీ, విమానాల దగ్గరికొచ్చేసరికి అదే అసలైన లెక్క. రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎప్పటికీ మారదు. విమానం తిరిగే దూరం మాత్రం రోజూ మారుతుంది. పట్టే సమయమైతే ఏ రోజుది ఆ రోజే. పైనున్న గాలి, ట్యాంకులోని ఇంధనం, దారిలో అవసరమైతే దిగడానికి ఉన్న రన్‌వేలు, కింద ఉన్న దేశాల మధ్య తగాదాలు.. ఇవన్నీ కలిసి ఆ గంటల్ని తేలుస్తాయి. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు మన దగ్గర వీధికి నలుగురున్నారు కాబట్టి, ఆ దిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో దారినే పట్టుకుని ఈ లెక్కేమిటో చూద్దాం.

దారం చెప్పే దారి

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఓ దారం ముక్క తీసుకోండి. ఒక కొసను దిల్లీ మీద, రెండో కొసను అమెరికా పడమటి తీరంలోని శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగువుగా లాగండి. గోడమీది పటంలో చూస్తే అరేబియా, యూరప్, అట్లాంటిక్ దాటుకుంటూ పడమరకి పోవాలనిపిస్తుంది కదా.. దారం అలా పోదు. నేరుగా ఉత్తరానికి లేస్తుంది. హిమాలయాలు, టిబెట్, సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రం అంచుల్ని తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద పరిస్తే పైభాగం సాగిపోతుంది. అందుకే పటంలో దగ్గరిదారి వంకరగానూ, దూరపు దారి తిన్నగానూ కనిపిస్తాయి.

ఆ దారం పొడవును భూమి కొలతల్లోకి మారిస్తే సుమారు 12,400 కిలోమీటర్లు. రెండు విమానాశ్రయాల మధ్య ఇంతకన్నా తక్కువ దూరం ఉండదు.

అయితే విమానం ఆ దారం మీదే పోలేదు. మొదటి అడ్డంకి టిబెట్ పీఠభూమి. దాని సగటు ఎత్తు సుమారు నాలుగున్నర వేల మీటర్లు. ఎత్తులో ఎగిరే విమానంలో ఏ కారణంగానైనా గాలి ఒత్తిడి పడిపోతే, పైనుంచి ఆక్సిజన్ మాస్కులు జారతాయి. చాలా విమానాల్లో అవి పనిచేసేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. ఆలోగా పైలట్ విమానాన్ని మామూలుగా ఊపిరి అందే పదివేల అడుగుల ఎత్తుకి, అంటే సుమారు మూడు వేల మీటర్లకి దించాలి. నేలే నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉంటే ఇంక దించేదెక్కడికి? అందుకే ఎన్నో విమానాలు ఆ ప్రాంతాన్ని చుట్టుకుని పోతాయి. దిల్లీ నుంచి పడమరకి తిరిగి పాకిస్థాన్, మధ్య ఆసియా దేశాల మీదుగా వెళ్లడం అలా వచ్చిన అలవాటే. దాంతో 12,400 కాస్తా 13,000 దాటుతుంది.

పైన పారే నది

ఇక గాలి సంగతి. గోదావరిలో పడవ నడిపేవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. ఏటివాలుకి పోతే తెడ్డు వేయకపోయినా పడవ సాగుతుంది. ఎదురెక్కాలంటే రెక్కలు ముక్కలవుతాయి. ఆకాశంలోనూ అలాంటి నదులున్నాయి. నేలకి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, అంటే సరిగ్గా విమానాలు తిరిగేచోటే, పడమర నుంచి తూర్పుకి పారుతుంటాయి. వాటినే జెట్ స్ట్రీమ్‌లు అంటారు. ధ్రువాల దగ్గరి చలికీ, భూమధ్యరేఖ వైపు వేడికీ ఉన్న తేడా వల్లా, భూమి తన చుట్టూ తాను తిరగడం వల్లా ఇవి పుడతాయి. ఆ తేడా చలికాలంలో ఎక్కువ కాబట్టి అప్పుడు వీటి జోరూ ఎక్కువే. గంటకి మూడు వందల కిలోమీటర్లు దాటిన సందర్భాలూ ఉన్నాయి.

జపాన్‌లో వాసబురో ఓయిషి అనే వాతావరణ శాస్త్రవేత్త 1920ల్లోనే బెలూన్లు ఎగరేసి ఈ గాలుల్ని కొలిచాడు. ప్రపంచమంతా చదువుకోవాలన్న ఆశతో ఆ వివరాల్ని ఎస్పరాంటో అనే కృత్రిమ భాషలో ప్రచురించాడు. పాపం, అది వచ్చినవాళ్లు ఎందరని! రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మీద బాంబులు వేయడానికి అంత ఎత్తున వెళ్లిన అమెరికా పైలట్లకి ఆ గాలి ఎదురై కొట్టినప్పుడుగానీ మిగతా ప్రపంచానికి దాని సత్తా తెలియలేదు.

2016లో ఎయిరిండియా అధికారులు చెప్పిన లెక్క సులువుగా అర్థమవుతుంది. విమానం వేగం గంటకి 800 కిలోమీటర్లు అనుకుందాం. అట్లాంటిక్ మీదుగా వెళ్తే ఎదురుగాలి 24 కిలోమీటర్లు. ఆ మేరకు తీసేస్తే నేలను బట్టి చూసినప్పుడు అది పోయేది 776 కిలోమీటర్ల వేగంతోనే. పసిఫిక్ మీదుగా అయితే వెనక నుంచి 138 కిలోమీటర్ల గాలి తోస్తుంది. వేగం 938 అవుతుంది. ఇంజిన్ అదే, ఇంధనం ఖర్చు అదే.. గంటకి 162 కిలోమీటర్లు ఉచితం! నిజానికి 15,300 కిలోమీటర్లను పద్నాలుగున్నర గంటలతో భాగిస్తే ఆ రోజు విమానం సగటున గంటకి 1,055 కిలోమీటర్లు పోయినట్టు లెక్క తేలుతుంది.

2020 ఫిబ్రవరిలో తుపాను గాలి వెనక నుంచి తోయడంతో ఓ బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. మామూలుగా ఆరున్నర, ఏడు గంటలు పట్టే దారి అది. లండన్‌లో నుంచి న్యూయార్క్ వెళ్లేవాళ్లకి ఎప్పుడూ వచ్చేదానికన్నా గంటకి పైగా ఎక్కువే పడుతుంది.

చమురును మోయడానికీ చమురే

మరి అంత దూరం ఎక్కడా ఆగకుండా ఎందుకు ఎగరాలి? మధ్యలో ఆగి ఇంధనం నింపుకోవచ్చు కదా! ఒకప్పుడు చేసింది అదే. 1948 జూన్ 8న ఎయిరిండియా ఇంటర్నేషనల్ తొలి విమానం ‘మలబార్ ప్రిన్సెస్’ బొంబాయి నుంచి లండన్‌కి వెళ్లినప్పుడు కైరోలో, జెనీవాలో ఆగుతూ పోయింది. ఆగితే ఇంధనం బరువు తగ్గుతుందిగానీ దిగడానికీ, నింపడానికీ, మళ్లీ లేవడానికీ గంటలు పోతాయి. విమానాశ్రయం రుసుములూ తప్పవు.

ఆగకపోతే ఇంకో తలనొప్పి. దిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో మధ్య తిప్పిన బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానంలో సుమారు 1,81,000 లీటర్ల ఇంధనం పడుతుంది. పదిహేనో గంటలో కాలాల్సిన ఇంధనాన్ని కూడా మొదటి గంట నుంచీ మోసుకుపోవాలి. ఆ మోతకి మళ్లీ ఇంధనం కావాలి. పది గంటల ప్రయాణంలో అదనంగా ఒక టన్ను మోశారంటే అందులో మూడో వంతు దాకా దాన్ని మోయడానికే ఖర్చయిపోతుంది. అద్దె డబ్బులో సగం అద్దె కట్టడానికి అప్పు చేసినట్టు!

సింగపూర్-న్యూయార్క్ విమానం కథ వింటే ఈ బాధ తెలుస్తుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2004లో న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కి ఆగకుండా విమానం మొదలుపెట్టింది. దూరం 15,300 కిలోమీటర్లకి పైనే. నాలుగు ఇంజిన్ల ఎయిర్‌బస్ అది. ఇంధనం ధర పెరిగేకొద్దీ గిట్టుబాటు కాక 2013లో ఆపేసింది. రెండు ఇంజిన్లతో పొదుపుగా ఎగిరే ఎ350 విమానం చేతికొచ్చాక 2018 అక్టోబరులో మళ్లీ మొదలైంది. 2020 నవంబరు నుంచి న్యూయార్క్‌లోని కెనెడీ విమానాశ్రయానికీ నడిపింది. 18 గంటలు దాటిన ప్రయాణం. అందులో సీట్లెన్నో తెలుసా? 161. మామూలుగా మూడు వందల మంది పట్టే విమానమే, బరువు తగ్గించడానికి సగం మందితో సరిపెట్టారు. ఎకానమీ తరగతి అసలు లేనే లేదు!

దిగడానికి చోటేదీ?

2023 జూన్ 6. దిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో బయలుదేరిన ఎయిరిండియా విమానంలో ఒక ఇంజిన్‌కి ఇబ్బంది వచ్చింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఉన్నది రష్యా తూర్పు కొస మీద. పైలట్లు దాన్ని మగదాన్ అనే ఊళ్లో క్షేమంగా దించారు.

మగదాన్.. ఆ పేరు ఆ విమానంలో ఎందరు విని ఉంటారు? అక్కడ అంతమందికి సరిపడా హోటళ్లు లేవు. కొందర్ని హాస్టళ్లకీ, కొందర్ని బడికీ తరలించారు. నేల మీద పరుపులు పరిచి పడుకోబెట్టారు. స్థానికుల భాష వీళ్లకి రాదు, వీళ్ల భాష వాళ్లకి తెలీదు. యుద్ధం కారణంగా రష్యా మీద అమెరికా ఆంక్షలున్న రోజులవి. ఆగిపోయిందేమో అమెరికాలో తయారైన విమానం. మర్నాడు ముంబయి నుంచి ఆహారం పట్టుకుని మరో విమానం బయలుదేరింది. అందులో ఎక్కి వాళ్లంతా శాన్‌ఫ్రాన్సిస్కో చేరేసరికి జూన్ 8. పదహారు గంటల్లో ముగియాల్సిన ప్రయాణం రెండు రోజులు దాటింది.

దీన్ని ప్రమాదం అనుకోకూడదు. ఏర్పాటు పనిచేసింది అనుకోవాలి. రెండు ఇంజిన్ల విమానం ఏ దారిన పోవాలో నిర్ణయించేది ఇలాంటి ఊళ్లే. ఒక ఇంజిన్ ఆగిపోతే రెండోదాంతో ఎంతసేపట్లో ఏదో ఒక రన్‌వేని చేరుకోగలం.. అన్నదే ప్రశ్న. 1953లో అమెరికా పెట్టిన నిబంధన ప్రకారం అది గంట దాటకూడదు. అందుకే ఆ రోజుల్లో మహాసముద్రాలు దాటాలంటే మూడు, నాలుగు ఇంజిన్లు ఉండాల్సిందే. ఇంజిన్ల మీద నమ్మకం పెరిగేకొద్దీ గడువూ పెరిగింది. 1985లో రెండు గంటలైంది. 777-200ఎల్ఆర్‌కి 2011లో అయిదున్నర గంటలకి అనుమతి వచ్చింది. ఎ350కి 2014లో ఆరు గంటల పది నిమిషాలు. గడువు పెరిగిన కొద్దీ దారి తిన్ననవుతుంది, ఆ మేరకు గంటలు తగ్గుతాయి. టికెట్ కొనేటప్పుడు మనకి కనపడని లెక్క ఇది.

ఉత్తరధ్రువం మీదుగా వెళ్లే దారి ఇలా తెరుచుకున్నదే. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఎయిరిండియా తొలి విమానాన్ని జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావనె, శివానీ మన్హాస్ అనే నలుగురు మహిళా పైలట్లు ధ్రువం మీదుగా నడుపుకొచ్చారు. రెండు నగరాల మధ్య దాదాపు 14,000 కిలోమీటర్ల దూరం. అక్కడ ఎదురుగాలి బెడద తక్కువ. కాకపోతే చలి ఉంది. అమెరికాలో నింపే విమాన ఇంధనం మైనస్ 40 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. బయటి చలి అంతకన్నా ఎక్కువ ఉన్నప్పుడు పైలట్లు ట్యాంకు ఉష్ణోగ్రత మీద కన్నేసి ఉంచుతారు. అవసరమైతే కాస్త కిందికి దిగుతారు, లేదా వేగం పెంచుతారు. వేగం పెరిగితే గాలి రాపిడికి రెక్కలు వెచ్చబడతాయి.

అదే నెల 15న హైదరాబాద్ నుంచి షికాగోకి కూడా ఎయిరిండియా నేరు విమానం వేసింది. మన నేల మీద నుంచి ఆగకుండా అమెరికాకి.. అని తెలుగువాళ్లు ఎంత మురిసిపోయారో! ఆ మురిపెం ఎక్కువ కాలం నిలవలేదు. ఆ సర్వీసు తర్వాత ఆగిపోయింది.

ఆకాశానికీ తలుపులున్నాయి

గాలినీ, చలినీ ముందే అంచనా కట్టొచ్చు. మనుషుల్ని కట్టడమే కష్టం. ప్రతి దేశానికీ తన నేల మీది ఆకాశం సొంతం. దాటినందుకు రుసుము వసూలు చేస్తుంది. కోపం వస్తే తలుపేస్తుంది.

2019లో బాలాకోట్ దాడుల తర్వాత పాకిస్థాన్ తన గగనతలాన్ని ఫిబ్రవరి చివర్లో మూసి జులై 16న తెరిచింది. అమెరికా విమానాలు చుట్టూ తిరిగి, వియన్నాలో ఆగి ఇంధనం నింపుకుంటూ పోవాల్సి వచ్చింది. జులై 2 నాటికి ఎయిరిండియాకి అయిన నష్టం 491 కోట్ల రూపాయలని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. పహల్గామ్ ఉగ్రవాద దాడి తర్వాత 2025 ఏప్రిల్ 24న ఆ తలుపు మళ్లీ పడింది. ఈసారి వియన్నాతో పాటు కోపెన్‌హాగెన్‌లోనూ ఆగాల్సి వచ్చింది. భూమి అంగుళం కూడా జరగలేదు. దిల్లీ మాత్రం అమెరికాకి గంటల దూరం వెనక్కి వెళ్లిపోయింది.

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్, అమెరికా విమానాలకి రష్యా ఆకాశం మూసుకుపోయింది. ఎక్కువ దెబ్బతిన్నది ఫిన్లాండ్ సంస్థ ఫిన్నెయిర్. హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిది గంటలు పట్టేది పదమూడు గంటలైంది. సోవియట్ కాలంలోనూ ఇదే గొడవ. 1983లో అదే సంస్థ రష్యాని తప్పించుకోవడానికి ఉత్తరధ్రువం మీదుగా టోక్యోకి విమానం నడిపింది. 39 ఏళ్ల తర్వాత వెనకటి దారినే వెతుక్కోవాల్సి వచ్చింది!

టికెట్ మీద అంకెలు

ఇక మన ఇళ్ల సంగతి. విమాన సంస్థలు చెప్పే ప్రయాణ సమయం గాల్లో ఉన్నంతసేపు మాత్రమే కాదు. విమానం ఇక్కడ గేటు దగ్గర నుంచి కదిలినప్పటి నుంచీ అక్కడి గేటు దగ్గర ఆగేదాకా ఉన్న సమయం అది. ఆలస్యం అయ్యిందన్న మాట పడకుండా కొంత కలిపి కూడా చెప్తుంటారు. అందుకే ఒక్కోసారి విమానం ‘ముందే’ వచ్చేస్తుంటుంది.

పైగా గుంటూరు నుంచి అమెరికా బయలుదేరిన పెద్దాయనకి ప్రయాణం గుంటూరులోనే మొదలవుతుంది. శంషాబాద్‌కి కారులో అయిదారు గంటలు. విమానానికి మూడు గంటల ముందు అక్కడుండాలి. మధ్యలో ఏ దుబాయ్‌లోనో, దోహాలోనో విమానం మారాలి. అక్కడ దిగాక ఇమిగ్రేషన్ వరస. గాల్లో గడిపేది ఇరవై గంటలలోపే అయినా గడప నుంచి గడపకి ఒకటిన్నర రోజు పడుతుంది. కాబట్టి టికెట్ తీసేటప్పుడు విమానం ఎగిరే గంటల్ని కాకుండా మొత్తం సమయాన్ని చూడాలి. మారే చోట గంటన్నర మాత్రమే వ్యవధి ఉంటే మొదటి విమానం కాస్త ఆలస్యమైనా రెండోది తప్పిపోతుంది. అరవై దాటిన అమ్మానాన్నల్ని ఒంటరిగా పంపేవాళ్లు అక్కడ మూడు గంటలైనా ఉండేలా చూసుకోవడం మేలు. రెండు టికెట్లూ ఒకే బుకింగ్‌లో ఉంటే, తప్పిపోయినా తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత సంస్థదే అవుతుంది. నడవగలిగినవాళ్లూ వీల్‌చెయిర్ అడగడం మన దగ్గర మామూలైపోయింది. మోకాళ్ల నొప్పులకన్నా భాష భయమే దానికి అసలు కారణం. టికెట్ తీసేటప్పుడే చెప్తే ఆ ఏర్పాటు చేస్తారు. అన్ని గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయమని, నీళ్లు తాగమని వాళ్లకి గట్టిగా చెప్పి పంపాలి. బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని నీళ్లు మానేసే అమ్మలే ఎక్కువ.

తేదీ దగ్గర మరో తిరకాసు. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకన్నా పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది, వేసవిలో పన్నెండున్నర. చలికాలంలో దిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకి బయలుదేరి పదహారు గంటలు ఎగిరితే, దిగేసరికి అక్కడ అదే రోజు ఉదయం ఆరున్నర. గడియారం ప్రకారం రెండున్నర గంటల ప్రయాణమే! తిరిగొచ్చేటప్పుడు ఆ అప్పంతా తీర్చాలి. పైన చెప్పిన బెంగళూరు తొలి విమానం జనవరి 9 రాత్రి బయలుదేరి 11 తెల్లవారుజామున దిగింది. గాల్లో ఉన్నది పదిహేడు గంటలే అయినా పదో తేదీ మొత్తం దారిలోనే కరిగిపోయింది. టికెట్ మీద దిగే సమయం పక్కన చిన్నగా +1 అనో, +2 అనో ఉంటుంది. బయలుదేరిన తేదీకి అన్ని రోజులు కలుపుకోవాలని అర్థం. విమానాశ్రయానికి కారు పంపేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఆ చిన్న అంకెనే.